మాట పక్కన మాట: సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలూ, ఇంగ్లీషు ప్యాసేజీలూ

ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో ఏ తెలుగింట్లో అడిగినా ఉపన్యాసం అంటే వేదిక మీద నిలబడి మాట్లాడేది. అదే వీధి చివర బడిలో, ఒడియా పాఠం జరిగే గదిలో, ఉపన్యాస అంటే నవల. ఇంట్లో చేష్ట అంటే వెకిలి పని, అమ్మ కసురుకునే పని. బడిలో చేష్టా అంటే గట్టి ప్రయత్నం, మాస్టారు మెచ్చుకునే పని. ఇంట్లో శిక్ష అంటే గోడకుర్చీ, బడిలో శిక్షా అంటే చదువు. ఉద్యోగం ఇంట్లో కొలువు, బడిలో పూనిక, ఒక్కోసారి పరిశ్రమ. ఇవన్నీ ఒకే సంస్కృతపు గూటి నుంచి వచ్చిన మాటలే. అయినా ఎనిమిదో తరగతి పిల్ల ఒకదాన్ని మరొకటిగా పొరబడదు. మాట్లాడుతున్నది ఎవరు, ఏ భాషలో, ఆ మాటకు ముందూ వెనకా ఏముంది అని చూసుకుని రెప్పపాటులో సరైన అర్థం పట్టుకుంటుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

ఇంగ్లీషు పరీక్షల్లో కాంప్రహెన్షన్ పేరుతో అడిగేది అచ్చంగా ఈ విద్యనే. ఒక పేరా ఇస్తారు. అందులో ఫలానా మాటకు ఇక్కడ ఏ అర్థం సరిపోతుందో, రాసినవారి ఉద్దేశం ఏమిటో, చెప్పకుండా వదిలిన సంగతి ఏమిటో అడుగుతారు. మూడు భాషల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు ఇది చేతికి అలవాటైన పని కావాలి. కానీ అదే పిల్ల డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షకో స్టాఫ్ సెలక్షన్ పరీక్షకో కూర్చునేసరికి ప్యాసేజీ చూడగానే బిగుసుకుపోతుంది. ఆ పిల్లకు తెలివి తక్కువై కాదు, ఇంగ్లీషు రాకా కాదు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆమెతో చేయించిన సాధన, అప్పటిదాకా ఆమెకు పట్టుబడిన విద్యకు పూర్తిగా ఎదురు దిశలో సాగింది. ఒక మాటకు ఒక అర్థం, దాని పక్కన నాలుగు పర్యాయపదాలు, రోజుకు ఇరవై చొప్పున బట్టీ. పరీక్షలో దెబ్బ తగులుతున్నది ఇక్కడే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటువైపు వెళ్లాయి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో నేటికీ తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. పర్లాకిమిడి నుంచి కాస్త దూరం వెళ్తే పాతపట్నం, ఆంధ్రప్రదేశ్. మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లా సిరొంచలో, నాందేడ్ జిల్లా దెగ్లూరు, ధర్మాబాదుల్లో కథ ఇదే, ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది. అక్కడ శిక్షా అంటే తెలుగులో లాగే దండన, అభ్యాస్ అంటే మాత్రం చదువుకోవడం, ప్రపంచ్ అంటే సంసార బాధ్యత. ఎటు చూసినా పిల్లలకు రెండు మూడు లిపులు, హిందీతో కలిపి మూడు నాలుగు భాషలు. ఇంగ్లీషు ఆ వరుసలో చివర వచ్చి చేరుతుంది. దాన్ని ఇంట్లో మాట్లాడేవారు లేరు, వీధిలో వినిపించదు. ప్రశ్నపత్రంలో మాత్రం తప్పదు.

ఎంత మేరకు తప్పదో చూడాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ చదివినవారికి నిర్వహించే సీజీఎల్ పరీక్ష మొదటి దశలో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, వాటిలో 25 ఇంగ్లీషువి. రెండో దశలో ఇంగ్లీషుకు 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు. బ్యాంకు ఉద్యోగాల సంస్థ ఐబీపీఎస్ నిర్వహించే ప్రొబేషనరీ ఆఫీసర్ (పీఓ) ప్రిలిమ్స్‌లో 20 నిమిషాల్లో 30 ఇంగ్లీషు ప్రశ్నలు. ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) వంటి పరీక్షలను తెలుగు, ఒడియా, మరాఠీ సహా 13 ప్రాంతీయ భాషల్లో రాసే వీలు వచ్చింది, అది చాలా మంచి మార్పు. అయితే లెక్కలూ జనరల్ నాలెడ్జీ తెలుగులో రాసినవారికి కూడా ఇంగ్లీషు విభాగం ఇంగ్లీషులోనే ఉంటుంది. విదేశాల్లో నర్సు ఉద్యోగానికో పై చదువుకో వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో చదివే పరీక్ష ఒక్కటే గంటసేపు ఉంటుంది. మూడు ప్యాసేజీలు, 40 ప్రశ్నలు. అకడమిక్ పత్రంలో ఆ మూడూ కలిపి 2,150 నుంచి 2,750 మాటలు. నిమిషానికి 150 మాటలు చదివేవారికి ఒక్కసారి చదవడానికే 18 నిమిషాల దాకా పడుతుంది. మిగిలిన 42 నిమిషాల్లో 40 ప్రశ్నలు. మధ్యలో ప్రతి తెలియని మాట దగ్గరా ఆగితే ఆ లెక్క ఎంతమాత్రం కుదరదు.

మరి ఎన్ని మాటలు తెలిసి ఉండాలి? ఈ ప్రశ్నపై న్యూజిలాండ్ భాషా పరిశోధకుడు పాల్ నేషన్ ఏళ్ల తరబడి పనిచేశారు. ఎవరి సాయమూ లేకుండా ఒక రచన హాయిగా అర్థం కావాలంటే అందులో 98 శాతం మాటలు తెలిసి ఉండాలన్నది ఆ పరిశోధనల్లో తేలిన సంగతి. ఇది విని భయపడేవారు 300 మాటల ప్యాసేజీతో లెక్క కట్టుకోవాలి. 98 శాతం తెలిస్తే తెలియనివి ఆరు. 95 శాతమైతే పదిహేను. 90 శాతమైతే ముప్పై, అంటే ఇంచుమించు ప్రతి వరుసలో ఒకటి. ఆరు తెలియని మాటలను పక్క మాటల సాయంతో ఊహించవచ్చు. ముప్పై అయితే ఊహించడానికి ఆసరా ఇచ్చే మాటలే మిగలవు.

వార్తాపత్రికలూ నవలలూ ఆ 98 శాతం స్థాయిలో చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని 2006లో నేషన్ లెక్క చెప్పారు. కుటుంబం అన్నది ఇక్కడ కీలకం. డిసైడ్, డెసిషన్, డెసిసివ్, ఇన్‌డెసిసివ్ నాలుగూ ఒకే ఇంటివి. తెలుగు చదివిన పిల్లలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ఉపహారం: ముందు తగిలిన ఉపసర్గను బట్టి ఒకే ధాతువు తినడం నుంచి చంపడం దాకా తిరుగుతుందని వ్యాకరణం చెప్పే మాస్టారు ఎప్పుడో చెప్పి ఉంటారు. ఇంగ్లీషులో స్పెక్ట్ అనేది అలాంటిదే, దాని మూలార్థం చూడటం. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, కిందనుంచి అనుమానంగా చూస్తే సస్పెక్ట్, ముందుకు చూస్తే ప్రాస్పెక్ట్, వెనక్కి తిరిగి చూస్తే రెట్రోస్పెక్ట్. హారం దగ్గర పట్టుబడిన సూక్ష్మం స్పెక్ట్ దగ్గర అక్కరకు వస్తుంది. దీన్ని తరగతిలో ఎవరూ కలిపి చెప్పకపోవడం పెద్ద లోటు.

అవెరిల్ కాక్స్‌హెడ్ అనే మరో భాషా పరిశోధకురాలు 2000లో ఉన్నత చదువుల రచనల నుంచి ఏరి 570 పద కుటుంబాల పట్టిక ఇచ్చారు. అలాంటి రచనల్లో సుమారు పదో వంతు మాటలు ఆ చిన్న పట్టికలోనివే. ఎస్టిమేట్, డిక్లైన్, సిగ్నిఫికెంట్, కన్సిస్టెంట్ వంటివి అవి. సరిహద్దు పట్టణాల కోచింగ్ నోట్సుల్లో మాత్రం మొదటి పేజీలోనే ఏడాదికి ఒకసారి కూడా ఎదురుకాని వింత మాటలు కనిపిస్తాయి. అవి నేర్చుకున్న తృప్తి ఎక్కువ, ప్యాసేజీలో పనికొచ్చేది తక్కువ. ముందు ఇలాంటి నిత్యపు మాటలు గట్టిపడాలి, అరుదైనవి ఆ తర్వాత.

పర్యాయపదాల బట్టీలో మరో నష్టం ఉంది. థ్రిఫ్టీ, స్టింజీ రెంటినీ డబ్బు ఖర్చుపెట్టనివాడు అని ఒకే వరుసలో రాస్తారు. తెలుగులో పొదుపరినీ పిసినారినీ ఒకటి చేస్తే ఇంట్లో ఎవరైనా ఒప్పుకుంటారా? పేరుగాంచిన వైద్యుడు అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. తారుమారు చేస్తే వైద్యుడికి కోపం వస్తుంది. ఫేమస్‌కూ నొటోరియస్‌కూ ఉన్న తేడా అదే. సన్నగా ఉన్న అమ్మాయి, బక్కచిక్కిన అమ్మాయి: స్లెండర్, స్కిన్నీ. రాసినవారి స్వరం ఏమిటి అనే ప్రశ్న పూర్తిగా ఈ తేడా మీదే నిలబడుతుంది. ఒక నాయకుణ్ణి ప్యాసేజీలో పట్టుదల గలవాడు అన్నారా, మొండివాడు అన్నారా అన్నది చూస్తే మెచ్చుకుంటున్నారో విమర్శిస్తున్నారో తెలిసిపోతుంది. తెలుగులో ఈ తేడా తెలియనివారు లేరు. ఇంగ్లీషు మాటను నేర్చుకునేటప్పుడు దాని తెలుగు జోడీని ఇంత ఒడుపుగా ఎంచుకుంటే సగం పని అయిపోయినట్లే.

ఇంకో చిక్కు, మనం ఇంగ్లీషనుకుని వాడే మన మాటలు. తెలుగులో డౌటు అంటే అడగవలసిన ప్రశ్న. ఇంగ్లీషు ప్యాసేజీలో రచయిత ఒక వాదనను డౌట్ చేశారంటే నమ్మలేదని అర్థం. హోటలంటే ఇక్కడ భోజనం చేసే చోటు, అక్కడ బస చేసే చోటు. సెంటిమెంటు ఇక్కడ కన్నీళ్లు తెప్పించే సన్నివేశం. బ్యాంకు పరీక్షల ప్యాసేజీల్లో మార్కెట్ సెంటిమెంట్ అంటే కొనుగోలుదారుల ధోరణి. రూపాయి అప్రిషియేట్ అయిందంటే ఎవరూ దాన్ని మెచ్చుకోలేదు, విలువ పెరిగింది. సాంక్షన్ అయితే రెండు వైపులా పదునే: అప్పు విషయంలో మంజూరు, దేశాల విషయంలో ఆంక్ష. తెలిసిన మాటే కదా అని ముందుకు పోయినవారే ఇక్కడ ఎక్కువగా పడిపోతారు. తెలియని మాట కనీసం జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తుంది.

నోటుపుస్తకంలో ఒక పేజీ ఎలా ఉండాలో దగ్గరగా చూద్దాం. మాట రెలక్టెంట్. బట్టీ పద్ధతిలో దాని ఎదురుగా అన్‌విల్లింగ్, డిస్‌ఇన్‌క్లైన్డ్ అని రాసి ఊరుకుంటారు. మేలైన పేజీలో మొట్టమొదట ఆ మాట ఎదురైన వాక్యమే ఉంటుంది, దినపత్రికలోంచి ఎత్తి రాసినది: పునరావాస కాలనీకి వెళ్లడానికి మత్స్యకార కుటుంబాలు రెలక్టెంట్‌గా ఉన్నాయని. దాని కింద తెలుగు, వెనకాడుతున్నాయి. నిరాకరించాయి అని రాస్తే తప్పు, ఎందుకంటే వెనకాడేవాళ్లు చివరికి వెళ్లినా వెళ్లవచ్చు. ఆ పక్కన ఒడియాలోనో మరాఠీలోనో దానికి సరిపోయే మాట. ఆ తర్వాత ఆ మాట వెంట ఏం వస్తుందో, అంటే టు చేర్చి క్రియ వస్తుందని. చివరగా సొంత వాక్యం, ఇంట్లో నిజంగా జరిగినది: పాత ఆవును అమ్మడానికి తాతయ్య వెనకాడిన సంగతి. ఇలా ఒక మాటకు అయిదారు నిమిషాలు పడుతుంది. రోజుకు ఇరవై కుదరవు, అయిదు కుదురుతాయి. ఆ అయిదూ నిలుస్తాయి.

పర్లాకిమిడికి ఈ పద్ధతి కొత్తది కాదు. 1880లో అక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయన ముందు నిఘంటువూ లేదు, వ్యాకరణమూ లేదు. ఆ భాష మాట్లాడే మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ల నోట వచ్చిన మాటను వచ్చిన సందర్భంతో సహా రాసుకున్నారు. ఆ శ్రమ 1931లో సవర వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. వ్యవహారంలో ఉన్న భాషే నేర్పాలని ఆయన తెలుగు కోసం చేసిన పోరాటం అందరికీ తెలుసు. పరాయి భాషను ఎలా పట్టాలో ఆయన చేసి చూపించినది మాత్రం, అదే ఊళ్లో ఇంగ్లీషు పదాల పట్టికలు వల్లించే పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

ఇక ప్యాసేజీ సంగతి. పరీక్షలో వచ్చే తరహాలో ఒక పేరాను తెలుగులోనే అనుకుందాం.

“1999 అక్టోబరులో ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుపానులో దాదాపు పది వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. గాలికి ఇళ్లు కూలాయి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. కానీ ఆ ఇళ్లలో మనుషులు లేరు. తుపాను రాకముందే లక్షలాది మందిని తరలించారు. అయినా, పంట మొత్తం పోయిన రైతుకు ఈ లెక్కలో ఊరట కొద్దిగానే దొరికింది.”

మొదటి ప్రశ్న, ఈ పేరా ముఖ్యాంశం ఏమిటి. ఇచ్చే జవాబులు సాధారణంగా ఇలా ఉంటాయి. ఒకటి, 1999 తుపానులో ఎక్కువమంది చనిపోయారు. రెండు, ప్రకృతి వైపరీత్యాలను ఎదుర్కొనే విధానాలు. మూడు, ముందుగా తరలించడం వల్ల ప్రాణాలు దక్కాయి కానీ జీవనోపాధి దక్కలేదు. నాలుగు, పక్కా ఇళ్లు పెరగడం వల్ల ప్రాణనష్టం తగ్గింది. మొదటిది నిజమే, పేరాలో ఉన్నదే, కానీ అది ఒక్క వాక్యపు సంగతి. రెండోది ఈ పేరాకు నాలుగు రెట్లు పెద్ద చొక్కా. సరైనది మూడోది. నాలుగోది దగ్గరే గంజాం పిల్లలు జారిపడతారు. ఆ రాత్రి గంజాంలో ఉన్న కుటుంబాల్లో పెరిగిన పిల్లలకు పక్కా ఇంట్లో తలదాచుకున్న జ్ఞాపకం ఉంటుంది, మేనమామ డాబా మీదకు చేరిన కథ ఉంటుంది. నాలుగో జవాబు వారి అనుభవంలో సత్యం. పేరాలో మాత్రం పక్కా ఇళ్ల ప్రస్తావనే లేదు. తెలియని విషయం మీద వచ్చిన ప్యాసేజీ కంటే తెలిసిన విషయం మీద వచ్చినదే ఎక్కువ ప్రమాదమని చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. చదువుతున్నంతసేపూ బుర్రలో ఉన్న సొంత కథ పేరాలోని ఖాళీలను నింపేస్తూ ఉంటుంది.

రెండో రకం ప్రశ్న, దీన్నిబట్టి ఏమి అర్థం చేసుకోవచ్చు అన్నది. ఇంగ్లీషులో ఇన్ఫరెన్స్ అంటారు. మన దగ్గర దీనికి పాత మాటే ఉంది, అనుమానం. వాడుక తెలుగులో అది సందేహమైపోయింది కానీ ఒడియాలో అనుమాన అంటే నేటికీ అంచనాయే, తర్కశాస్త్రంలోనూ అంతే. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. పొగ కంటికి కనిపించాలి, అది షరతు. తుపాను హెచ్చరిక ముందుగానే అందింది అనే జవాబు ఉంటే అది సరైనదే. ఆ మాట పేరాలో లేదు, కానీ రాకముందే లక్షలాది మందిని తరలించారన్న పొగ ఉంది. ప్రజలు ఇష్టంగా తరలివెళ్లారు అనే జవాబు ఉంటే దానికి పేరాలో ఎక్కడా పొగ లేదు. వెళ్లారని ఉంది, ఇష్టంగానా బలవంతంగానా అన్నది లేదు. జవాబు గుర్తించే ముందు ఫలానా వాక్యంలో పొగ ఉందని వేలు పెట్టి చూపించగలగాలి.

మూడోది మాట అర్థం. ఊరట అన్నచోట ఇంగ్లీషులో రిలీఫ్ ఉందనుకుందాం. ఒడిశా తీరంలో రిలీఫ్ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు: తుపాను వెళ్లాక వరుసలో నిలబడితే చేతికి వచ్చే అటుకులు, బెల్లం, పాలిథిన్ షీటు. సహాయ సామగ్రి అనే జవాబు ఎదురుగా ఉంటే చేయి అటే పోతుంది. కానీ పక్క మాట చూడాలి. లెక్కలో దొరికే రిలీఫ్ అటుకులు కాలేదు, మనసుకు కలిగే ఊరటే అవుతుంది. అదే చోట లిటిల్ అనే చిన్న మాట ఉంటుంది, దాని ముందు ఎ ఉందా లేదా అన్నది ప్రాణం. ఎ ఉంటే కొంత ఊరట, లేకపోతే ఊరట కొద్దిగానే, అంటే ఇంచుమించు లేనట్టే. తెలుగులో కొందరు వచ్చారు అన్నదానికీ కొద్దిమందే వచ్చారు అన్నదానికీ తేడా ఆ ఏ అనే దీర్ఘంలో ఉంది. సభ పెట్టినవాడికి మొదటిది సంతోషం, రెండోది దిగులు. ఫ్యూ, ఎ ఫ్యూ కూడా ఇంతే.

స్వరం అడిగితే చూడవలసినది అయినా అనే మాట. అంతవరకూ మెచ్చుకోలుగా సాగిన పేరా ఆ మాట దగ్గర మలుపు తిరిగింది. కాబట్టి పూర్తి ప్రశంస అనే జవాబు తప్పు, తీవ్ర విమర్శ అన్నదీ తప్పు. మెచ్చుకుంటూనే లోటు చూపించారన్నదే సరి. హవెవర్, యెట్, నెవర్‌ద్‌లెస్, ఆల్దో వంటి మలుపు మాటలు పాతిక లోపే ఉంటాయి. వేల మాటల పట్టికకు ముందు ఈ పాతికా నోటికి కాదు, కంటికి రావాలి. చదువుతూ పోతుంటే కన్ను వాటి దగ్గర తనంతట తానే ఆగాలి.

మాటలన్నీ తెలిసినా వాక్యం చేతికి చిక్కని సందర్భాలు ఉంటాయి. దానికి కారణం వాక్య నిర్మాణం. తెలుగులో, ఒడియాలో, మరాఠీలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటే రావాలి. తెలుగు విశేషణ వాక్యం నామవాచకానికి ముందు కూర్చుంటుంది: ప్రభుత్వం నియమించిన బృందం తయారుచేసిన నివేదిక. ఇంగ్లీషులో నివేదిక ముందు వచ్చేస్తుంది, దాని తోక వెనక వస్తుంది, ఆ తోక వల్ల కర్తకూ క్రియకూ మధ్య రెండు వరుసల దూరం పడుతుంది. ఇంగ్లీషు వరుసలో తెలుగు మాటలు పేర్చి చూస్తే ఇలా ఉంటుంది: ఆ నివేదిక, ఏదైతే గుత్తేదారుల పనిని పరిశీలించడానికి నియమించిన బృందం తీరంలోని పన్నెండు ఊళ్లు తిరిగి తయారుచేసిందో, తప్పుపట్టింది తనిఖీ చేయని అధికారులను. ఎవరిని తప్పుపట్టారు అని అడిగితే గుత్తేదారులు అని రాసేవారు ఎందరో. ఒడియాలోని జే, సే జంట, మరాఠీలోని జో, తో జంట తెలిసిన పిల్లలకు ఈ తోక వాక్యం తెలుగు ఒక్కటే తెలిసినవారికంటే సులువుగా లొంగాలి. సాధనలో చేయవలసిన పని చిన్నది. పెద్ద వాక్యం ఎదురైనప్పుడు పెన్సిలుతో కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద ఒక గీత. మధ్యలోది రెండోసారి చదవాలి.

చదవడానికి ఏమి తీసుకోవాలన్న విషయంలో సంపాదకీయాలతో మొదలుపెట్టమనే సలహా ఎక్కువగా వినిపిస్తుంది. అది తొందరపాటు సలహా. పైన చెప్పిన 90 శాతం చిక్కు అక్కడే వస్తుంది. ముప్పై తెలియని మాటలతో కుస్తీ పట్టి, పది రోజుల్లో విసిగి మానేస్తారు. సరిహద్దు పిల్లలకు అంతకంటే మంచి దారి ఉంది: ఒకే వార్తను రెండు భాషల్లో చదవడం. గంజాం జిల్లా ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఆ వార్త ఒడియా పత్రికలోనో తెలుగు పత్రికలోనో చదివాక అదే వార్త ఇంగ్లీషు పత్రికలో చదవాలి. విషయం ముందే తెలుసు. కాబట్టి హ్యాచ్లింగ్ అనే మాట ఎదురైతే గుడ్లలోంచి బయటపడి సముద్రం వైపు పాకేవేవో నిఘంటువు చూడకుండానే తెలుస్తుంది. నెస్టింగ్, షోర్, పెట్రోలింగ్ వాటంతటవే అర్థాలు చెప్పుకుంటాయి. ఫోనులో అనువాదం చూడటం తప్పేమీ కాదు, అయితే ముందు ఊహించి, పెన్సిలుతో రాసి, ఆ తర్వాత చూడాలి. ముందే చూస్తే అది ఒక్క అర్థం ఇచ్చి ఊరుకుంటుంది, ఊహించే అలవాటు అక్కడితో ఆగిపోతుంది. రెండు మూడు నెలలు ఇలా వార్తలు చదివాక సంపాదకీయాల దగ్గరికి వెళ్తే అవి అంత బెదిరించవు.

నేర్చుకున్నది మరిచిపోవడం గురించి దిగులు అక్కర్లేదు, అది అందరికీ జరిగేదే. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని మరుపు మొదట్లోనే వేగంగా ఉంటుందని చూపించారు. దానికి మందు విరామాలతో కూడిన పునశ్చరణ: మర్నాడు, నాలుగు రోజులకు, వారానికి, నెలకు. ఆ పునశ్చరణ ఎలా చేయాలన్నది కూడా ముఖ్యం. 2006లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత మెరుగ్గా చెప్పారు. వారం తర్వాత చూస్తే మాత్రం, చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారికే ఎక్కువ గుర్తుంది. కాబట్టి నోటుపుస్తకంలో తెలుగు అర్థాన్ని చేత్తో మూసి, వాక్యం మాత్రం చూస్తూ, మాటను తలచుకోవాలి.

మైనస్ మార్కుల భయం కూడా ప్యాసేజీ దగ్గర ఎక్కువే. దాన్ని లెక్కతో తీర్చుకోవచ్చు. సీజీఎల్ మొదటి దశలో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత, నాలుగు జవాబులు. వాటిలో రెండు కచ్చితంగా కావని తేల్చగలిగితే మిగిలిన రెంటిలో ఒకటి గుర్తించడం సగటున ముప్పావు మార్కు లాభం. బ్యాంకు పరీక్షలో అయిదు జవాబులు, ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు కోత. అక్కడ ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటు లాభం సున్నా, ఒక్కటి తీసేయగలిగినా లాభం మొదలవుతుంది. అంటే సగం అర్థమైన ప్యాసేజీని వదిలేయాల్సిన పనిలేదు. ఇది చాలా పెద్దది, ఇది పేరాలో లేదు అని రెండు జవాబులు కొట్టివేయడం వస్తే చాలు.

మాక్ టెస్టులు రాసి మార్కులు చూసుకుని వదిలేయడం వల్ల మాత్రం ఒరిగేది తక్కువ. తప్పు పోయిన ప్రతి బిట్టుకూ ఎందుకు పోయిందో ఒక ముక్కలో రాసుకునే పుస్తకం వేరే పెట్టుకోవాలి. మాట తెలియక పోయిందా, వాక్యం తప్పు చదివినందుకు పోయిందా, పేరాలో లేనిది సొంతంగా చేర్చుకున్నందుకు పోయిందా, సమయం చాలక పోయిందా. పది టెస్టుల తర్వాత తిరగేస్తే ఏ కారణం కింద గీతలు ఎక్కువో కనిపిస్తుంది. మాటలు తెలియనివే ఎక్కువైతే రెండు భాషల్లో వార్తలు చదివే సమయం పెంచాలి. వాక్యం దగ్గర పోయినవే ఎక్కువైతే పెన్సిలు గీతలు మళ్లీ మొదలుపెట్టాలి. సొంత కథ అడ్డుపడినవే ఎక్కువైతే, ఆ నెలంతా ఇంట్లో సాధన చేసేటప్పుడు, ఆధారమైన వాక్యం పక్కన ప్రశ్న సంఖ్య వేయకుండా ఏ జవాబూ గుర్తించకూడదు.